ముత్తమ్మ ముక్కు

ఆదోనిలో బోర్డులు రాసే చిన్నప్ప, పాతకాలపు ఇటలీ చిత్రకారుడొకరు వేసిన మరియమ్మ బొమ్మను అచ్చుకాగితంలో చూస్తూ నూనెరంగుల్లో ముఖాలు వేయడం నేర్చుకుంటున్నాడు. క్షయతో మంచం పట్టిన భార్య ముత్తమ్మను, ఆమె ఉండగానే గుడ్డ మీదికి తెచ్చుకోవాలని అతని ఆరాటం.

“మరియమ్మకు మల్లా నా మొగమే పెట్టినావే! ఈ బండముక్కు ఆయమ్మకెందుకు?” ముత్తమ్మ దగ్గుతూ నవ్వింది.

“పోలిక కుదర్లేదులే. సెయ్యి తిరిగినాంక నిన్ను ఏస్తా.”

ఉన్నది ఒక్కటే ఎమ్మిగనూరు నేతగుడ్డ. ఎప్పటిలాగే కత్తితో రంగంతా గీకేశాడు.

ముత్తమ్మ పోయింది. ఆమె ఫోటో ఒక్కటీ లేదు.

ఇప్పుడు గుడ్డ మీద మరియమ్మ అచ్చుగుద్దినట్టు దిగింది. చిన్నప్ప గీకేసి మళ్లీ వేశాడు. ఆ బండముక్కు ఒక్కసారి రానిమ్మని తన చేతినే బతిమాలుకున్నాడు.

మళ్లీ మరియమ్మే వచ్చింది.