మచ్చల మాస్టారు

"మచ్చ ఉందమ్మా. నా కంటితో చూశాను."

మేడ మెట్లు దిగొచ్చిన వేగానికి మచ్చల మాస్టారు రొప్పుతున్నాడు. సౌర పరిశీలన కేంద్రం డైరెక్టరమ్మ కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. ఇప్పుడే కెమెరా తీసిన సూర్యుడి బొమ్మ. కడిగిన పళ్లెంలా ఉంది.

"ఇందులో ఏమీ లేదే మాస్టారూ?"

"కెమెరాకేం తెలుసు? కిందటి నెల ఓ రోజు ముందురోజు బొమ్మనే పూటంతా చూపించింది. పట్టుకున్నదెవరు?"

పట్టుకున్నది ఆయనే. ముప్ఫై ఎనిమిదేళ్లుగా రోజూ మేడమీది గదికెక్కి, ఎడమ కన్ను మూసి, కుడి కన్ను టెలిస్కోపుకు ఆనించి, సూర్యుడి మీది మచ్చలు లెక్కపెట్టి బొమ్మ గీయడం ఆయన ఉద్యోగం. సౌర తుఫానుల హెచ్చరికలన్నీ ఒకప్పుడు ఆ బొమ్మలను బట్టే వెళ్లేవి. ఇప్పుడు కెమెరా వచ్చింది కాబట్టి నెలాఖరుకు ఆ గది మూసేస్తున్నారు. మొన్న ఎండ నుంచి కన్నును కాచే టెలిస్కోపు నల్ల ఫిల్టరు చిట్లినా ఆయన కొత్తది అడగలేదు. ఖర్చు అనగానే రేపే తాళం వేస్తారని భయం. టేపు అతికించి నెట్టుకొస్తున్నాడు.

"సరిగ్గా నడిమధ్యన ఉంది, మనకెదురుగా. ఇంత పెద్దది నా సర్వీసులోనే చూడలేదు. అది పేలిందంటే ట్రాన్స్‌ఫార్మర్లు మాడిపోతాయి. ఎర్ర బులెటిన్ ఇచ్చెయ్."

"పదండి, నేనూ చూస్తాను."

పైకి వెళ్లేసరికి మబ్బు కమ్మేసింది. వేరే కేంద్రాల బొమ్మలు సాయంత్రానికి గానీ రావు. బులెటిన్ పన్నెండింటికి వెళ్లాలి. ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.

"ఎర్రది ఇస్తే సగం ఊళ్లకి కరెంటు ఆపేస్తారు. తప్పని తేలితే నా ఉద్యోగం ఊడుతుంది మాస్టారూ. నా ముందాయన ఉద్యోగం అలాగే పోయింది."

"ఇవ్వకపోతే? రోజుల తరబడి చీకటి. ఆస్పత్రుల్లో వాళ్ల గతేమిటి? నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

అని వంగబోయాడు కూడా. ఆమె గబుక్కున భుజాలు పట్టి ఆపింది. మచ్చలు గీయడం ఆమెకు నేర్పింది ఈయనే. కొత్తలో ఓసారి అద్దం మీది దుమ్మును మచ్చ అనుకుని గీస్తే, నలుగురిలో నవ్వులపాలు చేయకుండా పక్కకు పిలిచి చెరిపించిందీ ఈయనే.

"మీ కన్ను తప్పు చూడదు," అంది మెల్లగా. కిందికి దిగి, సంతకం చేసి, బులెటిన్ పంపించేసింది.

అయిదు నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. లైన్లు ఆపేస్తున్నామని కరెంటు ఆఫీసు వాళ్లు చెప్పారు. గదిలో ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది.

మాస్టారికి ఏడుపు ఆగలేదు. జేబురుమాలుతో ఎడమ కన్ను ఒత్తుకుంటూ, నా మాట నిలబెట్టావమ్మా అని చెప్పడానికి ఆమె వైపు తలెత్తాడు.

ఇందాక సూర్యుడి నడిమధ్యన చూసిన ఆ నల్లమచ్చ చెక్కుచెదరకుండా ఆమె ముఖం నడిమధ్యన ఉంది.