తల కడిగే నీరు

నిద్రపోయేవాళ్లంటే స్కానింగ్ టెక్నీషియనుకు చిన్నచూపు. అద్దానికి అవతల, మిషన్‌లో గురకపెడుతున్న ముసలాయన్ని చూసి పెదవి విరిచాడు.

"నిద్రలో తలలోని నీరు ఊపిరికో అలగా లేచి, బుర్రలో మురికంతా కడిగేస్తుందట. మరి రాత్రంతా మేలుకునే నా బుర్ర కుళ్లిపోలేదే" అన్నాడు నర్సుతో.

"కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మీరూ ఓ కునుకు తీయండన్నా" అని ఆమె వెళ్లిపోయింది.

"కునుకులు మొద్దులకి."

తెరమీద ముసలాయన ఊపిరి గీత నింపాదిగా సాగుతోంది. ఆయన తలలో నీరు మాత్రం గబగబా పొంగి తగ్గుతోంది. దిక్కుమాలిన మిషన్, అనుకున్నాడు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం అతనికింకా తీరలేదు. తన రొప్పు తగ్గేకొద్దీ తెరమీది ఆ అలలూ నెమ్మదించాయి.

నవ్వొచ్చింది. చూద్దామని ఊపిరి బిగబట్టాడు. నీరు నిలిచిపోయింది. గురక మాత్రం సాగుతూనే ఉంది. ఊపిరి వదిలాడు. నీరు కదిలింది.

మళ్లీ బిగబట్టాడు. ఈసారి వదలడానికి ధైర్యం చాలలేదు.

గురక ఆగింది. కళ్లు తెరవకుండానే ముసలాయన విసుక్కోవడం మైకులో వినబడింది.

"వదలవయ్యా. నీ మురికి ఇంకా ఎంతసేపు మొయ్యమంటావు?"