ఆఖరి వరుసకు వినబడాలి

స్పీకరు కీచుమని అరిచేసరికి హాల్లో సగం మంది చెవులు మూసుకున్నారు. మిగతా సగం మంది నవ్వారు.

ఆఖరి వరుసలో కూర్చున్న పరీక్షకుడు మాత్రం చెవులూ మూయలేదు, నవ్వనూ లేదు. రేడియోలో పనిచేసి తల నెరిసిన మనిషి. ఒళ్లో మార్కుల కాగితం, పక్కన కాలేజీ మాస్టారు.

"ఒక మార్కు పోయింది," అన్నాడు.

"అప్పుడేనా! ఇంకా కార్యక్రమమే మొదలవలేదండీ."

"అరుపు మొదలైందిగా."

హాలు మధ్యలో బల్ల మీద సౌండు మిక్సరు, దాని ముందు ఒకావిడ. వయసు అరవైకి అటూ ఇటూ. సౌండూ తెరా నడపడం నేర్పే ఆ కోర్సులో తక్కినవాళ్లంతా ఆవిడకు మనవల ఈడువాళ్లు. అందుకే అందరికీ ఆవిడ బామ్మ.

"డ్రైవరుగారూ! మైకు పట్టుకుని స్పీకరు ముందుకెళితే అది అరవక పాడుతుందా? వెనక్కి రండి. ఇంకొంచెం. ఆఁ, అక్కడే పాతుకుపోండి."

వేదిక మీది పెద్దాయన బుద్ధిగా వెనక్కి జరిగాడు. కొత్త చొక్కా.

"నాకు మాట్లాడ్డం రాదని ముందే మొత్తుకున్నాను కదండీ," అన్నాడాయన మైకు పెదాలకు ఆనించి. మాటకంటే ఆయన ఊపిరే హాలంతా వినబడింది.

"అది మైకండీ, కొరుక్కుతినేది కాదు. బెత్తెడు దూరం పెట్టండి."

హాలు గొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వాడు.

ఆ కాలేజీలో ఆఖరి పరీక్షకు ఒక పద్ధతుంది. ఎవరి కార్యక్రమాన్ని వాళ్లే వెతికి తెచ్చుకోవాలి. అది నిజంగా జరిగేదై ఉండాలి, పరీక్ష కోసం ఆడే నాటకం పనికిరాదు. అదేం కార్యక్రమమో పరీక్షకుడికి ఎవరూ చెప్పరు. వెనక కూర్చుని, విని, చూసి ఆయనే తెలుసుకోవాలి. ఆయనకు తెలియలేదంటే తప్పు బల్ల దగ్గరున్నవాళ్లది. తప్పితే ఏడాది చదువూ మళ్లీ మొదటికి. బామ్మ పాసైతే నాటకశాలలో సౌండు పని సిద్ధంగా ఉంది. తప్పితే ఆ పని ఇంకొకరిది.

"ఈవిడను నమ్మి కార్యక్రమం ఎవరిచ్చారు మాస్టారూ?"

"ఎవరూ ఇవ్వలేదండీ. ఎక్కని గడప లేదు. ఈ వయసులో మీకెందుకమ్మా ఈ తీగలూ మీటలూ అన్నవాళ్లే. చివరికి ఎలాగో తనే ఒకటి చూసుకుంది." మాస్టారు ముసిముసిగా నవ్వాడు. "ఇంతకంటే నేను నోరు విప్పకూడదు."

"కొంపదీసి చుట్టపక్కాలను పోగేసి తూతూమంత్రం కానిస్తోందా? అదే అయితే సున్నా వేస్తాను."

"వేద్దురుగాని. ముందు చూడండి."

దీపాలు తగ్గాయి. తెర మీద బొమ్మలు పడ్డాయి. నల్లటి మీసాలతో బస్సు మెట్టు మీద డ్రైవరు. నెరిసిన మీసాలతో అదే డ్రైవరు, ఇంకో బస్సు. బొమ్మ ఎక్కడా వంకర లేదు. తర్వాత డ్రైవరు కూతురు మైకు అందుకుంది. అంతలో స్పీకర్లలో గుర్రుమని ఒకటే మోత.

"అదిగో, పోయింది," అన్నాడు పరీక్షకుడు.

బామ్మ మీటల జోలికి పోలేదు. వేదిక దాకా నడిచి, మోకాళ్ల మీద కూర్చుని, కరెంటు తీగను ఆనుకుని పడి ఉన్న మైకు తీగను లాగి ఎడంగా పరిచింది. గుర్రు ఠక్కున ఆగింది.

"ఊఁ," అన్నాడు పరీక్షకుడు. తీసేసిన మార్కు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"మా నాన్న ఊళ్లో జనాన్నంతా ఇళ్లకు చేర్చాడు," అంది కూతురు. "అమ్మ పోయాక తను మాత్రం ఖాళీ ఇంటికే వచ్చేవాడు. గిన్నె ముందు నిలబడే తినేసేవాడు. నాన్నా, ఇకనుంచైనా కూర్చుని తిను!"

జనం నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. పరీక్షకుడు మాస్టారి చెవిలో, "తెలిసిపోయింది. డ్రైవరుగారు రిటైరవుతున్నారు. వీడ్కోలు సభ," అన్నాడు.

"అయిపోయాక చెబుదురు. తొందరేముంది?"

డ్రైవరు మైకు తీసుకున్నాడు. "బస్సెక్కినవాళ్లు ఎవరి స్టాపులో వాళ్లు దిగిపోతారు. చివరి స్టాపుకు చేరేసరికి బండిలో నేనొక్కణ్నే. ఇవాళ్టితో ఆ బెంగ తీరింది." ఆయన తనలో తనే చిన్నగా నవ్వుకున్నాడు. ఆ నవ్వు కూడా ఆఖరి వరుసకు వినబడింది.

'తీరదూ మరి, ఇక బండే నడపనక్కర్లేదాయె' అనుకుని పరీక్షకుడు మార్కు వేయబోయాడు.

సరిగ్గా అప్పుడే బామ్మ హెడ్‌ఫోన్లు తీసి పక్కనున్న తన క్లాసు జడపిల్ల నెత్తిన పెట్టింది. "మీట మీంచి వేలు తీశావో, చూడు!" అని చెప్పి గబగబా వేదిక వైపు నడిచింది.

పరీక్షకుడు దిగ్గున లేచాడు. "కార్యక్రమం మధ్యలో బల్ల వదిలేస్తుందా! ఇలా చేసినవాళ్లను ఒక్కళ్లనీ పాస్ చేయలేదు నేను!"

"అవతల ఆవిడ లేకపోతే పని జరగదండీ."

"ఏం, మళ్లీ ఏ తీగైనా ఊడిందా?"

మాస్టారు వేదిక వైపు వేలు చూపించాడు. బామ్మ జుట్టు సవరించుకుంటూ మెట్లెక్కింది. డ్రైవరు మైకును బెత్తెడు దూరంలో పెట్టుకున్నాడు. కీచు లేదు, గుర్రు లేదు. ఆయన మాట ఆఖరి వరుస దాకా అక్షరం పోకుండా వచ్చింది.

"పెళ్లికూతురు వచ్చేసింది."