మాంబా రైలు ముందు సీటు

"జుట్టు రైలెక్కదు తల్లీ, తల ఎక్కాలి," అంటూ గేటు దగ్గర ఎత్తు చూస్తున్న దుదు ఆ పిల్ల కొప్పును అరచేత్తో అదిమింది. కొప్పులోంచి ఉండచుట్టిన మేజోడు ఒకటి బయటపడింది. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పిల్ల తండ్రి మాత్రం మోకాళ్ళ మీద చేతులాన్చి, వంగి బతిమాలాడు. లింపోపో నుంచి ఆరుగంటలు బస్సులో వచ్చామన్నాడు. దుదు ఆ పిల్ల కళ్ళలోకి సూటిగా చూసి, అవతల పడవ ఉయ్యాల కూడా బాగుంటుందని చెప్పి పంపేసింది.

పక్కనే నిలబడ్డ వుసికి ప్రాణం ఉసూరుమంది.

దుదుకి ఇంకా మూడు వారాలే మిగిలాయి. జొహానెస్‌బర్గ్‌కి దక్షిణాన, పాత బంగారు గని మట్టిదిబ్బల మధ్య ఉన్న ఆ వినోదాల పార్కులో, గాల్లో పాములా మెలికలు తిరిగే మాంబా రైలును నాలుగేళ్ళుగా నడిపిస్తున్నది ఆమే. వచ్చే నెల డర్బన్ వెళ్ళి యంత్రాల తనిఖీ చదవబోతోంది. ఆమె చోటికి వచ్చినవాడు వుసి. మనిషి తాటిచెట్టంత, మనసు వెన్నముద్ద. అలాంటివాడికి గేటు అప్పజెప్పి ఎలా వెళ్ళడమన్నదే దుదు దిగులు.

గేటు పక్కన, ఒకప్పుడు గని పైకప్పును మోసిన కొయ్యదుంగ ఒకటి పాతి ఉంది. దాని మీద ఎర్రగీత. తల గీతను తాకితే రైలెక్కొచ్చు, లేకపోతే లేదు.

దుదు పని చేస్తుంటే చూడాలి. పొద్దున్నే ప్రతి సీటు కడ్డీనీ ఊపి చూసేది. లీవర్ దగ్గర ఒక సీసాల పెట్టె బోర్లించుకుని, రైలు తోక దాకా కనబడేలా దాని మీద నిలబడేది. చప్పుడును బట్టి రైలు ఏ మలుపులో ఉందో చెప్పేది. దిగినవాళ్ళను మాత్రం ఊరికే పోనిచ్చేది కాదు. పైనుంచి ఊరు ఎలా కనబడింది, కడుపులో ఎక్కడ తిప్పింది అని అడిగేది. కొన్ని వేలమందిని అడిగి ఉంటుంది, అయినా ప్రతి జవాబూ కొత్తగానే వినేది.

రెండోవారంలో వుసి దొరికిపోయాడు. గీతకు రెండు వేళ్ళు తక్కువున్న ఒక బుడతడి కన్నీళ్ళకు కరిగి లోపలికి వదిలాడు. రైలు కదలబోయే క్షణంలో దుదు చూసి ఎర్రబటన్ నొక్కింది. పిల్లాణ్ణి దింపి, తల్లికి అప్పగించి, వుసిని పక్కకి పిలిచింది.

"ఆ కడ్డీ భుజాల మీద బిగుసుకోవాలి. పొట్టివాళ్ళకి భుజం మీద గాలే ఉంటుంది. మూడో మలుపులో ఏమవుతుందో తెలుసా?"

"తెలుసక్కా. కానీ ఆ పిల్లాడి మొహం చూశావా?"

"రోజూ చూస్తున్నాను," అంది దుదు. "ఏడుపు సాయంత్రానికి ఆరిపోతుంది. ఇంకోటి జరిగితే ఆరదు. నీకు కాదనడం రాకపోతే ఇప్పుడే చెప్పు, నేను డర్బన్ మానేస్తాను."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. వుసి తిరిగి ఎర్రగీత దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

ఆ వారమే సొవెటో నుంచి ఒక అవ్వ ఆఫీసుకి ఫోన్ చేసింది. మనవరాలు ఏడుస్తూ ఇల్లు చేరిందట. రోజూ ఉత్తినే రైలెక్కి ఊరేగే ఆ గేటు పిల్లకి ఎక్కలేనివాళ్ళ బాధ ఏం తెలుస్తుందని దులిపేసింది. సూపర్‌వైజర్ మబుజా సర్దిచెప్పలేక ఫోన్ దుదుకిచ్చాడు. దుదు అవ్వ తిట్లన్నీ ఓపిగ్గా విని, వచ్చే ఏడు మళ్ళీ తీసుకురమ్మంది. పిల్లలకున్న అదృష్టం అదేనని, వాళ్ళు ఎదుగుతారని చెప్పింది. చివరికి అవ్వే ఆమెను దీవించి పెట్టేసింది.

ఆ పార్కులో పని మానేసేవాళ్ళకి ఒక మర్యాద చేస్తారు. ఆఖరిరోజు జనం వెళ్ళిపోయాక, వాళ్ళను మాంబా రైలు ముందు సీటులో కూర్చోబెట్టి తిప్పుతారు. మిగతావాళ్ళు కింద నిలబడి వాళ్ళ వంశపు బిరుదులు పాడతారు. వంటవాళ్ళ నుంచి తోటమాలి దాకా ఎవరికీ ఆ మర్యాద తప్పలేదు.

దుదు వంతు వచ్చింది. సాయంత్రం ఐదింటికి అందరూ రైలు దగ్గర చేరి పాట ఎత్తుకున్నారు. ముందు సీటుకి పూసల దండలు కట్టారు. దుదు ముందు వద్దంది. మబుజా వినలేదు.

"నాలుగేళ్ళు ఒక్క పిల్లకి గోరు విరగనివ్వలేదు నువ్వు. ఎక్కు తల్లీ," అన్నాడు.

దుదు మెల్లగా గేటు వైపు నడిచింది. వుసిని పరీక్షించడానికో, నిజంగా ఆశపడో, ఆమెకే తెలియదు.

గేటు దగ్గర వుసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కుదరదక్కా."

పాట ఆగిపోయింది. దుదు తిట్టినందుకు కసి తీర్చుకుంటున్నాడని వెనక నుంచి ఎవరో గొణిగారు. మబుజా దగ్గరికొచ్చి, ఈ ఒక్కరోజుకీ వదిలేయమని గట్టిగానే చెప్పాడు. తన ఉద్యోగానికి నెల కూడా నిండలేదని వుసికి తెలుసు. అతని కళ్ళు నిండాయి, చెయ్యి మాత్రం తియ్యలేదు.

దుదు అతని మొహంలోకి తలెత్తి చూసింది. తర్వాత జేబులోంచి లీవర్ తాళం తీసి అతని చేతిలో పెట్టింది.

"నేను నిశ్చింతగా డర్బన్ వెళ్తాను తమ్ముడూ," అంది.

ఆ సాయంత్రం దండలు కట్టిన ముందు సీటు ఖాళీగానే చుట్టూ తిరిగి వచ్చింది. దుదు కొయ్యదుంగకి ఆనుకుని నిలబడి, మెడ వెనక్కి వాల్చి, దాన్నే చూస్తూ నవ్వింది.

ఎర్రగీత ఆమె తలకి నాలుగు వేళ్ళు పైన ఉంది.