తుంటిలో లోహం

“పోయినసారి కంటే రెండింతలైంది,” అన్నాడు డాక్టర్ బెర్రాదా, రక్తపరీక్ష కాగితం బల్ల మీద పెడుతూ. “మీ తుంటిలో వేసిన లోహపు కీలు అరిగి, కోబాల్ట్ రక్తంలో కలుస్తోంది.”

ఫదీలా తుంటి తడుముకుంది. పదకొండేళ్ళ కిందట వేసిన కీలది. దాని పుణ్యమా అని ఫెజ్ నగరపు పాతబస్తీ మెట్లన్నీ ఇప్పటికీ ఎక్కి దిగుతోంది.

“కోబాల్టా? మా నీలం రంగు డబ్బా మీద ఉండే పేరు అదే!” అంది పక్కనే కూర్చున్న చెల్లెలు తౌరియా. కుండల కార్ఖానాలో పళ్ళేల మీద పువ్వులు వేస్తుంది ఆవిడ.

“నువ్వు ముందు పెదవి మీది ఆ నీలం తుడుచుకోవే. కుంచె నోట్లో పెట్టి మొన తీసే బుద్ధి నలభై ఏళ్ళయినా పోలేదు,” అని కసిరింది ఫదీలా.

“ఆఁ? ఏంటక్కా?”

“నీ తలకాయ! చెవుల్లో దూది పెట్టుకొచ్చావా?”

డాక్టరు నవ్వలేదు. “ఫదీలా గారూ, చేతులు వణుకుతున్నాయా? వినికిడి తగ్గిందా?”

“నాకేం లేదు బాబూ. నొప్పి కూడా లేదు.”

“అదే నాకూ అంతుపట్టడం లేదు. స్కానింగు కూడా బాగానే ఉంది. కానీ ఈ అంకె చూసి ఊరుకుంటే గుండెకే ముప్పు. కీలు తీసి మార్చాల్సిందే.”

“ఈ వయసులో మళ్ళీ కోతా? మత్తులోంచి లేస్తానా?”

“మాట ఇవ్వలేనమ్మా. చక్కెర జబ్బు కూడా ఉంది కదా.”

ఆ వారమంతా అక్కచెల్లెళ్ళకు తిండి సయించలేదు. తన గాజులు ఎవరికివ్వాలో ఫదీలా ముందే చెప్పి పెట్టింది. తౌరియా చేతిలో పుదీనా టీ గ్లాసు వణికి ఒలికిపోతుంటే, నా కోసం ఎంత బెంగ పెట్టుకుందో పిచ్చిది అనుకొని కళ్ళు తుడుచుకుంది.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు రక్తం తీయడానికి సూది పట్టుకొని వచ్చింది. ఫదీలా మంచం చివరికి జరిగి కెవ్వుమంది.

“ఇదేంటి పెద్దమ్మా! ఇప్పటికి రెండుసార్లు ఇచ్చారుగా, ఇంకా భయమేంటి?”

“అమ్మో, సూదంటే నాకు ప్రాణం పోతుంది తల్లీ. ల్యాబువాళ్ళు పేర్లు రాసుకుంటారు గాని ముసుగు తీసి మొహాలు చూస్తారా? ఒక కడుపున పుట్టినవాళ్ళం, ఎవరి రక్తమైతేనేం అనుకున్నాం.”

నర్సు చెయ్యి ఆగిపోయింది. “అంటే?”

“రెండుసార్లూ మా చెల్లెలే ఇచ్చింది.”