అద్దె పిన్ని

“బ్యాంకులో డబ్బు చూపించే మనిషి దొరికింది. ఎవరడిగినా మీ పిన్ని అని చెప్పు” అన్నాడు వీసా ఏజెంటు.

ఆ అమ్మాయి తలూపింది. అమ్మ పోయాక ఆమెకు నా అన్నవాళ్లు లేరు. పై దేశం కాలేజీలో సీటొచ్చినా, చదువు ఖర్చు భరించేవాళ్లెవరో చూపించందే వీసా రాదు. తెలిసిన గుమ్మాలన్నీ ఎక్కి దిగింది. అందరూ మంచినీళ్లిచ్చి పంపారు.

మర్నాడు ఏజెంటు ఆఫీసులో ఒకావిడ ఒళ్లో చేతిసంచితో కూర్చుని ఉంది.

“ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడుగుతారు. ఒకరి సంగతులొకరు తెలుసుకోండి” అని ఏజెంటు బయటికెళ్లాడు.

“చిన్నప్పుడు నీకు పాలంటే పడేది కాదు కదూ?” అందావిడ.

“ఏజెంటు అదీ చెప్పాడా? బాగానే బట్టీ పట్టారు!”

“మరి... నాన్న గురించి అడిగితే?”

“పోయాడని చెప్పండి. మాకైతే నేను పలక పట్టకముందే పోయాడు, ఇల్లొదిలి.”

ఆవిడ సంచి జిప్పు తీసింది. మళ్లీ వేసింది.

డిపాజిట్టు పని ముగిశాక, బ్యాంకు మెట్ల మీద అమ్మాయి ఓ కవరు చాపింది. “మీ కమిషను.”

ఆవిడ దాన్ని ముట్టలేదు. “వెళ్లే రోజు సాగనంపడానికి రానా?”

“ఎందుకండీ? మన పని అయిపోయిందిగా.”

ఆవిడ బస్సెక్కేసింది.

వీసా వచ్చింది. అమ్మాయి ఒక్కతే విమానాశ్రయానికి వెళ్లింది, ఒక్కతే దిగింది.

కొత్త గదిలో పెట్టె గోడకానించి మంచం మీద కూలబడింది. పక్కగది పిల్ల ఫోనులో “చేరానమ్మా, చేరాను” అంటోంది.

ఈమె కూడా ఫోను తీసింది. పేర్లన్నీ పైకీ కిందికీ జరిపింది. చేరానని చెప్పుకోవడానికి ఒక్క పేరూ తగల్లేదు.

చివరికి ఏజెంటుకే చేసింది.

“ఆ ఆంటీ నంబరిస్తారా? థాంక్సైనా చెప్పలేదు.”

“ఆ నంబరు పనిచెయ్యట్లేదమ్మా. నీకోసం వేసిన డిపాజిట్టు ఆవిడ ఇల్లమ్మిన డబ్బు. ఇప్పుడు ఏ ఊళ్లో తలదాచుకుందో నాకూ తెలీదు.”



“ముక్కూ మొహం తెలియని నాకోసం ఇల్లమ్ముకోవడమేంటండీ? మీరెక్కణ్ణుంచి తెచ్చారు ఆవిణ్ణి?”



“నేను తేలేదమ్మా, తనే వెతుక్కుంటూ వచ్చింది. నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. మీ నాన్న మిమ్మల్ని వదిలేసి వెళ్లి కాపురం పెట్టింది ఆవిడతోనే.”