నాలుగో మహిళ సంతకం

"సంతకం పెడితే మీ నాన్న పెన్షన్ ఆగిపోదు కదే?" పెన్ను పట్టుకుని హన్నా అడిగింది.

"అరే, టెన్షన్ ఎందుకమ్మా! నా ఎమ్మే ప్రాజెక్టు కాయితం. బస్, ఒక్క సంతకం, అంతే," అంది కూతురు కీర్తన. నర్సు ఉద్యోగం చేస్తూనే ఆదివారాలు రాయ్‌పూర్‌లో సోషియాలజీ క్లాసులకు వెళ్తోంది.

భయం తీరక, హన్నా దానికి జతచేసిన హిందీ పేజీని కూడబలుక్కుంటూ చదివింది. 'నాలుగో మహిళ. రైల్వే క్వార్టర్. బియ్యం లేని రోజుల్లో, పక్కింటికి విజిళ్లు వినపడాలని ఒట్టి నీళ్లతో కుక్కర్ పెట్టేది.'

పెన్ను కింద పెట్టేసింది.

"ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదే నేను."

"పేరు మార్చేశాను కదమ్మా."

"పేరు మారిస్తే నేను కాకుండా పోతానా? నా తలకి నూనె రాస్తా ఆ రోజుల సంగతులు అడిగావు. నా కూతురు అడుగుతోందనుకున్నాను."

"ప్రాజెక్టు మా సార్‌కి ఇచ్చేశానమ్మా. నీ సంతకం ఒక్కటే తక్కువ. అయినా ముందే అడిగితే చెప్పేదానివా?"

వంటింట్లో పప్పు కుక్కర్ విజిల్ మీద విజిల్ వేస్తున్నా ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

"చెప్పేదాన్ని కాదు," అంది హన్నా చివరికి. "అందుకే ముందు అడగాల్సింది."